సూరత్ చూసొద్దాం రండి: కోట, జరీ, వజ్రం, ఉప్పు

సూరత్ అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది చీర. బీరువాలో రోజువారీ కట్టుకునే సింథటిక్ చీరల్లో సగానికి సగం అక్కడి నుంచి వచ్చినవే అయివుంటాయి. పెళ్లికి కొన్న ధర్మవరం పట్టుచీర నేసింది మన ఊళ్లోనే అయినా, దాని అంచులో మెరిసే జరీ చాలామటుకు సూరత్‌ది. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న ఊరిని చూడాలని మాత్రం మనలో ఎక్కువమందికి తోచదు. ఎల్.ఎఫ్.సి. పెట్టగానే సిమ్లా, కులూ, కేరళ అంటాం. గుజరాత్ అయితే ద్వారక, సోమనాథ్ అంటాం. ఆ దారిలో సూరత్ స్టేషన్‌లో రైలు ఆగితే టీ తాగి మళ్లీ ఎక్కేస్తాం.

ఈసారి అక్కడ దిగండి. మూడు నాలుగు రోజులు పెట్టుకుంటే, 16వ శతాబ్దపు కోట నుంచి ఉప్పు సత్యాగ్రహం జరిగిన సముద్రతీరం దాకా పిల్లలతో కలిసి చూసి రావచ్చు. పైగా ఆ ఊరికీ మన తెలుగు నేలకీ మధ్య నాలుగు వందల ఏళ్ల నాటి లెక్కలు కొన్ని ఉన్నాయి. అవి తెలుసుకుని వెళితే చూసే ప్రతి రాయీ మాట్లాడుతుంది.

వెళ్లేదెలా, ఎప్పుడు?

సూరత్ ముంబయి–అహమ్మదాబాద్ ప్రధాన రైలుమార్గంలో ఉంది. ముంబయికి సుమారు 260 కిలోమీటర్లు. మన వైపు నుంచి నేరుగా వెళ్లే బండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్. చెన్నై నుంచి బయలుదేరి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా భుసావల్, జల్‌గావ్ చేరి, అక్కడి నుంచి తాపీ లోయ వెంట సూరత్‌కి వెళుతుంది. సూరత్‌లో పనిచేసే తెలుగు నేత కుటుంబాలు పండగలకీ పెళ్లిళ్లకీ ఊరికి వచ్చేపోయే బండి ఇది. అందుకే దసరా, సంక్రాంతి రోజుల్లో టికెట్ దొరకడం కష్టం. ముందే రిజర్వు చేసుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. జనవరి 14న వెళితే ఉత్తరాయణం గాలిపటాలు చూడవచ్చు. ఆ రోజు ఊరంతా మేడల మీదే ఉంటుంది.

కోట: ఊరి తరువాత వచ్చిన గోడలు

జపాన్‌లో ప్రభువు ముందు కోట కట్టేవాడు. తరువాత దాని చుట్టూ వర్తకులూ చేతిపనుల వారూ చేరి ఊరు పెరిగేది. సూరత్‌లో ఇది తిరగబడింది. ఇక్కడ ముందు రేవు, బజారు వచ్చాయి. సంపద పెరిగాక దొంగల కన్ను పడింది. 1512లోనూ 1530లోనూ పోర్చుగీసువారు సముద్రం మీంచి వచ్చి ఊరిని తగలబెట్టారు. ఆ దెబ్బలు తిన్న తరువాతే గుజరాత్ సుల్తాన్ మూడవ మహమూద్ షా కోట కట్టమని ఆదేశించాడు. ఆ పని చేసినవాడు సఫీ ఆగా అనే టర్కీ సైనికాధికారి. ఖుదావంద్ ఖాన్ అన్నది ఆయన బిరుదు. 1540లో మొదలైన పని 1546కి పూర్తయింది.

చౌక్ బజారులో, తాపీ నది ఒడ్డునే ఉంది ఈ కోట. గోల్కొండలాగా కొండంతా పరుచుకున్న కోటను ఊహించుకుని వెళితే చిన్నబోతారు. ఇది నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులున్న గట్టి పెట్టెలాంటి కట్టడం. బురుజుల ఎత్తు సుమారు 12 మీటర్లు, గోడల మందం సుమారు 4 మీటర్లు. రాళ్లు కదలకుండా ఇనుప పట్టీలు వేసి, సందుల్లో కరిగించిన సీసం పోశారని చెబుతారు. ఓ వైపు నది, మిగతా వైపుల కందకం. సముద్రం మీంచి నదిలోకి వచ్చే ఓడల మీదికి ఫిరంగులు గురిపెట్టడమే దీని ఉద్దేశం.

1573లో అక్బరు స్వయంగా వచ్చి నెలన్నర పాటు ముట్టడించి ఈ కోటను పట్టుకున్నాడు. 1759లో ఇది ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఆ తరువాత చాలా కాలం ప్రభుత్వ ఆఫీసులు నడిచాయి. ఈమధ్య సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ శ్రద్ధగా బాగుచేయించి, లోపల మ్యూజియం పెట్టింది. పాత సూరత్ ఓడలు, బట్టలు, నాణేలు, ఆయుధాలు అన్నీ ఒక వరసలో అర్థమయ్యేలా ఉంటాయి. కనీసం రెండు గంటలు కేటాయించండి. వెళ్లేముందు పనివేళలు కనుక్కోవడం మంచిది.

బురుజు మీద నిలబడి నదివైపు చూస్తున్నప్పుడు పిల్లలకు ఒక్క సంగతి తప్పక చెప్పండి. 1664 జనవరిలో శివాజీ సూరత్ మీదికి వచ్చినప్పుడు, మొగలు గవర్నరు ఇనాయత్ ఖాన్ తన మనుషులతో ఈ కోటలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు. బయట ఊరు రోజుల తరబడి దోపిడీకి గురైంది. ఇళ్లు తగలబడ్డాయి. కోటకేమీ కాలేదు. ఏ ఊరిని కాపాడడానికి కట్టారో, ఆ ఊరికి మాత్రం కోట అక్కరకు రాలేదు. ఊరి చుట్టూ ఇటుకల ప్రాకారం లేచింది ఆ తరువాతే. 1670 అక్టోబరులో శివాజీ రెండోసారి కూడా వచ్చాడు.

ఊరిని నిజంగా కాపాడేది ఏమిటన్న ప్రశ్న సూరత్‌కి ఆ తరువాత కూడా పదేపదే ఎదురైంది. దాని సంగతి ముందు ముందు చూద్దాం.

డి.డి. తాతగారు

మన బ్యాంకు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆయన వీర్జీ వోరా. 17వ శతాబ్దంలో సూరత్‌లో ఉన్న జైన వర్తకుడు. మిరియాలు, పగడాలు, వెండి, బట్టలు ఏ సరుకైనా ఓడ దిగక ముందే మొత్తం కొనేయగల స్తోమత ఉన్నవాడు. ఆయన ఆస్తి 80 లక్షల రూపాయలని ఆనాటి యూరోపియన్ యాత్రికులు లెక్కగట్టారు. ఈస్టిండియా కంపెనీ తనకు పెట్టుబడి చాలనప్పుడల్లా వెళ్లి చేయి చాచింది ఈయన దగ్గరికే.

కంపెనీ వారికి ఆగ్రాలో నీలిమందు కొనడానికి డబ్బు కావాలి. అడవులూ బందిపోట్లూ ఉన్న దారిలో వెండి మోసుకుపోవడం ప్రాణాలతో చెలగాటం. అందుకని సూరత్‌లో వోరాగారి కొట్టులో డబ్బు కట్టి హుండీ తీసుకుంటే, ఆగ్రాలో ఆయన మనుషులు ఆ చీటీ చూసి రొక్కం ఇచ్చేవారు. నాన్న ఆఫీసులో డిమాండ్ డ్రాఫ్టు అంటే ఏమిటని పిల్లలు అడిగితే, దాని తాతగారు ఈ హుండీయేనని చెప్పవచ్చు. కాగితానికి విలువ లేదు. దాని మీద సంతకం చేసిన మనిషి మాటకే విలువ.

1664 దాడిలో వోరాగారి ఇల్లూ గిడ్డంగులూ దోపిడీకి గురయ్యాయి. అయినా ఆ తరువాత కూడా ఆయన వ్యాపారం సాగింది. బంగారం పోయింది గానీ మాట మీద జనానికి ఉన్న నమ్మకం పోలేదు.

పాత ఊళ్లో ఒక రోజు

కోటకు దగ్గర్లోనే ముగలీసరా అనే చోట మొగల్ సరాయి ఉంది. షాజహాన్ కాలంలో, 1644లో కట్టిన సత్రం ఇది. హజ్ యాత్రకు దేశం నలుమూలల నుంచీ జనం సూరత్ వచ్చి ఇక్కడే ఓడ ఎక్కేవారు. మక్కాకు ద్వారమని ఊరికి పేరు వచ్చింది అందుకే. యాత్రికుల కోసం కట్టిన ఆ భవనంలో ఇప్పుడు సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం నడుస్తోంది. పన్ను కట్టడానికి వచ్చేవాళ్లు షాజహాన్ కాలపు కమాను కింద నుంచి నడిచి వెళుతుంటారు.

అక్కడి నుంచి కతార్‌గామ్ దర్వాజా వైపు వెళితే ఇంగ్లీషువారి, డచ్చివారి, ఆర్మీనియన్ల పాత శ్మశానాలు కనిపిస్తాయి. శ్మశానం చూడడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అనవచ్చు. కానీ గుమ్మటాలూ స్తంభాలూ ఉన్న ఆ సమాధులను చూస్తే ఏ నవాబుదో అనుకుంటారు. ఎవరి డాబు ఎక్కువో చనిపోయాక కూడా చూపించుకోవాలని ఇంగ్లీషువారూ డచ్చివారూ పోటీపడి కట్టినవి అవి. అందులో పెద్దది ఆక్సెండెన్ సోదరులది. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో, అన్న జార్జి 1669లో పోయారు. శివాజీ దాడి రోజున ఇంగ్లీషు ఫ్యాక్టరీని కాపాడుకున్నది ఈ జార్జి ఆక్సెండెనే.

డచ్చి శ్మశానంలో హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి ఉంది. కేరళలో డచ్చి గవర్నరుగా ఉండగా అక్కడి వైద్యుల సాయంతో 742 మొక్కల వివరాలు సేకరించి, బొమ్మలతో సహా 12 సంపుటాల గ్రంథం వేయించిన మనిషి ఆయన. 1691లో చనిపోయాడు. వృక్షశాస్త్రం చదివే పిల్లలుంటే తప్పక చూపించండి. మన మచిలీపట్నం బందరు కోట దగ్గర కూడా డచ్చివారి సమాధులున్నాయి. ఈ రెంటినీ చూసినవారికి ఒకే పుస్తకంలోని రెండు పేజీలు చూసినట్టుంటుంది.

నిజానికి సూరత్, బందరు కవలపిల్లల్లాంటివి. హాకిన్స్ అనే ఇంగ్లీషు కెప్టెన్ ఓడ 1608లో సూరత్ రేవుకు వచ్చింది. 1611లో ఇంగ్లీషువారు బందరులో దిగారు. రెండు చోట్లా వారికి కావలసింది మన బట్టే. పడమటి తీరంలో వ్యాపారం సూరత్ నుంచి, తూర్పు తీరంలో బందరు నుంచి నడిచింది. 1641లో బందరును కాదని మద్రాసును ప్రధాన కేంద్రం చేసుకున్నారు. 1687లో సూరత్‌ను కాదని ముంబయికి మారారు. రెండు రేవులూ చిక్కిపోయాయి. తరువాతి కథ మాత్రం వేరు. బందరు ప్రశాంతంగా మిగిలిపోయింది. సూరత్ మళ్లీ లేచింది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 44 లక్షలు దాటింది.

పాత ఊళ్లోనే ఆమ్లీరాన్ అనే చోట కవి నర్మద్ ఇల్లు ఉంది. పేరు సరస్వతీ మందిర్. 1833లో పుట్టి 1886లో పోయిన నర్మద్ గుజరాతీలకు మన కందుకూరి వీరేశలింగంలాంటి వారు. వితంతు వివాహాల కోసం వాదించారు, పత్రిక నడిపారు, మూఢాచారాలను ఎండగట్టారు, గుజరాతీకి నిఘంటువు కూర్చారు. రాజమండ్రిలో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. దేశానికి ఆ కొసన ఒకరూ ఈ కొసన ఒకరూ ఒకే కాలంలో ఒకే పని చేస్తున్నారు.

సాయంత్రానికి గోపీ తలావ్‌కి వెళ్లండి. 16వ శతాబ్దం తొలినాళ్లలో మలిక్ గోపీ అనే వర్తకుడు తవ్వించిన చెరువు అది. మధ్యలో ఎండిపోయి, ఆక్రమణలతో నిండితే కార్పొరేషన్ బాగుచేసి ఉద్యానవనంగా తీర్చింది. పిల్లలు ఆడుకోవడానికి అనువైన చోటు.

చీరల బజారు, మన నేతవాళ్లు

రింగ్ రోడ్డు మీద వరసగా టెక్స్‌టైల్ మార్కెట్లుంటాయి. ఒక్కో భవనంలో వందల కొట్లు. ఇవి ఎక్కువగా టోకు వ్యాపారానివి. ఒక్క చీర అడిగితే కొందరు ఇవ్వరు. నలుగురు కలిసి వెళ్లి ఒక కట్ట తీసుకోవడం ఉపాయం. ఆదివారం మార్కెట్లకు సెలవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పోచంపల్లి ఇక్కత్ డిజైన్‌ను మిల్లు బట్ట మీద అచ్చువేసిన చీరలు సూరత్‌లో చాలా చవగ్గా దొరుకుతాయి. చూడముచ్చటగానే ఉంటాయి గానీ అవి ఇక్కత్ కావు. అసలైన ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది ఆ తరువాత నేస్తారు. అందుకే డిజైన్ చీరకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అచ్చువేసిన చీరను తిరగేస్తే వెనుక రంగు వెలవెలబోతుంది. చవకది కొనడంలో తప్పు లేదు. చవకదాన్ని పోచంపల్లి అనుకుని కొనకూడదు.

ఈ సంగతి ఎందుకింత పట్టి చెబుతున్నానంటే, సూరత్‌లోని తెలుగువారిలో ఎక్కువమంది నేతకారులే. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపుల నుంచి పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడికి వలస వచ్చాయి. ఊళ్లో చేమగ్గం తిండి పెట్టలేకపోయినప్పుడు ఇక్కడి మరమగ్గాలు పిలిచాయి. లింబాయత్, ఉధనా, డిండోలీ వీధుల్లో నడిస్తే తెలుగు బోర్డులు, తెలుగు పలకరింపులు. చక్కటి తెలంగాణ యాసలో ‘యాడికెళ్లి వచ్చిన్రు?’ అని అడుగుతారు. బతుకమ్మ రోజుల్లో ఆ వీధులు చూడాలి. గుజరాతీలు గర్బా ఆడుతున్న ఊళ్లోనే మన ఆడపడుచులు పూలు పేర్చి చుట్టూ తిరుగుతుంటారు. రెండు ఆటలూ వలయాలే, రెండూ అమ్మవారికే.

ఎవరి తాత చేతి మగ్గం మీద డిజైన్ నేశాడో, ఆ మనవడే ఇక్కడ షిఫ్టు లెక్కన మరమగ్గం ముందు నిలబడి చవక బట్ట తీస్తున్నాడు. ఆ బట్టే అచ్చు డిజైన్‌తో తిరిగి మన ఊళ్లకు వచ్చి, అక్కడ మిగిలిన చేనేతకు పోటీ అవుతోంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అతనికి జీతం కావాలి, కొనేవారికి చవక చీర కావాలి. కానీ మగ్గాల మోతలో పన్నెండేసి గంటలు నిలబడే ఆ మనిషిని ఒకసారి చూసి వస్తే, మనం చీర చేతిలోకి తీసుకునే తీరు మారుతుంది.

మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. సూరత్ కార్పొరేషన్ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. పరాయి రాష్ట్రంలో కార్మికుల పిల్లలు మున్సిపల్ బడిలో ‘అ’ నుంచి ‘ఱ’ దాకా దిద్దుకునే అవకాశం ఉండడం చిన్న విషయం కాదు. అయితే ఇప్పుడు తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం వైపో గుజరాతీ వైపో చూస్తున్నారు. సూరత్‌లో పుట్టిన మూడో తరం పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మీరు వెళ్లినప్పుడు పాత చందమామలో, పిల్లల కథల పుస్తకాలో నాలుగు పట్టుకెళ్లి అక్కడి పరిచయస్తుల పిల్లలకిస్తే అంతకన్నా మంచి కానుక లేదు.

గోల్కొండ వజ్రం, సూరత్ సాన

ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్‌లోనే సానపడతాయని అంటారు. కతార్‌గామ్, వరాఛా ప్రాంతాల్లో వందలాది కర్మాగారాలున్నాయి. 2023 డిసెంబరు 17న ఖజోద్‌లో ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ 67 లక్షల చదరపు అడుగుల భవనం. బయటి నుంచి చూసినా కళ్లు చెదురుతాయి.

కానీ అంతకన్నా చూడదగ్గది మహీధర్‌పురా వీధి. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదే, స్కూటర్ సీట్ల మీదే, మడతపెట్టిన తెల్లకాగితాల్లో వజ్రాలు చేతులు మారుతుంటాయి. లక్షల సరుకు, రసీదు చిన్న చీటీ. ఊరి నుంచి ఊరికి సరుకు మోసేవాళ్లు అంగడియాలు. ఆ వ్యవస్థ కూడా మాట మీదే నడుస్తుంది. వీర్జీ వోరా కాలపు పద్ధతి ఇంకా బతికే ఉందని అక్కడ నిలబడితే తెలుస్తుంది. కె.వై.సి. కాగితాలతో రోజంతా కుస్తీపట్టే మనకు అదొక వింత.

ఈ కథ మొదలు మన కృష్ణా ఒడ్డున ఉంది. తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు 17వ శతాబ్దంలో సూరత్ రేవులో దిగి, ఎద్దుబండ్ల బాటన గోల్కొండ వెళ్లి, అక్కడి నుంచి కొల్లూరు గనిని చూశాడు. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు పుట్టింది అక్కడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నేడు ఆ కొల్లూరు పులిచింతల జలాశయం కిందికి వెళ్లిపోయింది. గని మనది, రేవు వారిది. గని నీట మునిగింది. రేవు పూడిపోయినా ఆ ఊరి చేతిలో పనితనం మిగిలింది.

ఏం తినాలి?

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీ సామెత. పొద్దున్నే లోచో తినండి. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద వండి, పైన నూనె, కారం, సేవ్ చల్లి ఇస్తారు. ఖమణ్ సరిగ్గా కుదరక ముద్దైపోతే పుట్టిందే లోచో అని సరదాగా చెప్పుకుంటారు. చలికాలంలో ఊంధియూ దొరుకుతుంది. చిక్కుడుకాయలు, చిన్న వంకాయలు, కందదుంప కలిపి వండే కూర. శరత్పూర్ణిమ మర్నాడు చందీ పడవో పండగ. ఆ రోజు ఊరంతా ఘారీ అనే నేతి మిఠాయి తింటుంది.

మన తెలంగాణ పాఠకులకు ఒక ఆనందం. డిసెంబరు, జనవరి నెలల్లో తాపీ ఒడ్డున పోంక్ అమ్ముతారు. లేత జొన్నకంకులను కాల్చి రాల్చిన పచ్చిగింజలు. అంటే మన ఊచబియ్యమే! మనం బెల్లంతో తింటే వారు నిమ్మకాయ సేవ్, మిరియాల సేవ్ కలుపుకుని తింటారు. తిరుగు ప్రయాణానికి నాన్‌ఖటాయీ బిస్కెట్లు కట్టించుకోండి. డచ్చివారు వెళ్లిపోతూ తమ బేకరీని పార్సీ పనివానికి అప్పగిస్తే, అలా వ్యాపించిన బిస్కెట్ ఇదని చెబుతారు.

చుట్టుపక్కల: ఉప్పు, శిస్తు, పవిత్రాగ్ని

సూరత్‌కు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో బార్డోలీ. 1928లో బొంబాయి ప్రభుత్వం భూమిశిస్తును 22 శాతం పెంచితే రైతులు కట్టమన్నారు. పశువులనూ పొలాలనూ జప్తు చేసినా లొంగలేదు. చివరికి విచారణ జరిపి 6.03 శాతానికి తగ్గించారు. వల్లభాయ్ పటేల్‌ను జనం ‘సర్దార్’ అన్నది ఆ పోరాటంతోనే. అక్కడి స్వరాజ్ ఆశ్రమం, మ్యూజియం చూడండి. గుంటూరు జిల్లా వారికి ఈ ఊరితో మరో బంధం ఉంది. 1922లోనే బార్డోలీలో పన్నుల నిరాకరణ మొదలుపెట్టాలని గాంధీజీ అనుకున్నారు. అప్పటికే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు పన్ను ఆపేసి కూర్చున్నారు. చౌరీచౌరా ఘటన తరువాత ఉద్యమాన్ని ఆపాలన్న నిర్ణయం ఈ బార్డోలీలోనే జరిగింది.

బార్డోలీకి సమీపంలో తాపీ ఒడ్డున హరిపురా ఉంది. 1938లో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడిగా కాంగ్రెస్ మహాసభ జరిగింది. 51వ సభ కనుక 51 ఎద్దులు కట్టిన రథంలో ఆయనను తీసుకొచ్చారు. ఆ మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలో బోసుకు ప్రత్యర్థిగా నిలబడింది మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఆయనే.

దక్షిణంగా వెళితే నవసారి. దాదాభాయ్ నౌరోజీ, జంషెడ్జీ టాటా పుట్టిన ఊరు. అక్కడి నుంచి సుమారు 20 కిలోమీటర్లలో దండి. 1930 మార్చి 12న సాబర్మతి నుంచి 78 మందితో బయలుదేరిన గాంధీజీ ఏప్రిల్ 5న ఇక్కడికి చేరి, 6న ఉప్పు పట్టారు. ఆయన బస చేసిన సైఫీ విల్లా ఇప్పటికీ ఉంది. 2019 జనవరి 30న ప్రారంభమైన స్మారకంలో నడిచిన వారందరి విగ్రహాలున్నాయి. ఆ వరసలో మన ఆంధ్ర నుంచి నడిచిన ఎర్నేని సుబ్రహ్మణ్యం గారిని వెతకమని పిల్లలకు పని పెట్టండి. తిరిగొచ్చాక కృష్ణా జిల్లా కొమరవోలులో ఆశ్రమం పెట్టిన మనిషి ఆయన.

ఇంకాస్త దక్షిణంగా ఉద్వాడ. 1742 నుంచి పార్సీల పవిత్రాగ్ని ఇక్కడ వెలుగుతోంది. గుడిలోకి పార్సీలు కానివారికి ప్రవేశం లేదు. అయినా పాత ఇళ్లూ ప్రశాంతమైన వీధులూ సముద్రతీరమూ చూడదగ్గవి. కొండలు ఇష్టమైతే సూరత్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరాన డాంగ్ జిల్లాలో సాపుతారా ఉంది. దారిలో వఘాయ్ దగ్గర గీరా జలపాతం. వానాకాలం చివర వెళితే నిండుగా ఉంటుంది.

ఊరిని కాపాడిందెవరు?

కోట దగ్గర వదిలిన ప్రశ్నకు వద్దాం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్తతో దేశం వణికింది. రోజుల వ్యవధిలో లక్షలాది జనం దొరికిన రైలూ బస్సూ పట్టుకుని ఊరు విడిచి వెళ్లారు. వానకు పొంగిన మురుగు, ఎత్తని చెత్త, ఇరుకు బస్తీలు ఆ భయానికి కారణం. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐ.ఎ.ఎస్. అధికారి సూర్యదేవర రామచంద్రరావు. ఆ ఇంటిపేరు మన పాఠకులకు పరిచయమే. ఆఫీసు గదుల్లో ఉండే అధికారులను రోజూ పొద్దున్నే వీధుల్లోకి నడిపించారు. చెత్త ఎత్తడం, మురుగు పారించడం, హోటళ్ల శుభ్రత రోజువారీ లెక్కలోకి వచ్చాయి. అక్రమ కట్టడాల విషయంలో పెద్దా చిన్నా తేడా చూపలేదు. రెండేళ్లు తిరిగేసరికి దేశంలోని పరిశుభ్ర నగరాల్లో సూరత్ పేరు వినిపించింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

2006 ఆగస్టులో మరో పరీక్ష. ఎగువన ఉకాయ్ డ్యాం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలాల్సి వచ్చి, నగరంలో అధిక భాగం మునిగింది. నీళ్లు తగ్గాక ఊరు మళ్లీ బురద ఎత్తుకుని నిలబడింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానం పొందింది.

నాలుగు మీటర్ల మందం గోడలు చేయలేని పనిని తెల్లవారుజామున చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికులు చేశారు. పొద్దున్నే నడకకు వెళ్లి ఆ వీధులు చూడండి. సూరత్‌లో చూడదగ్గ వాటిలో అదీ ఒకటి.

నాలుగు రోజుల ప్రణాళిక

మొదటి రోజు కోట, మొగల్ సరాయి, శ్మశానాలు, నర్మద్ ఇల్లు, సాయంత్రం గోపీ తలావ్. రెండో రోజు పొద్దున టెక్స్‌టైల్ మార్కెట్, మధ్యాహ్నం మహీధర్‌పురా, సాయంత్రం డుమస్ సముద్రతీరం. అక్కడ ఆటుపోట్లు బలంగా ఉంటాయి కనుక పిల్లలను నీళ్లలోకి దింపవద్దు. మూడో రోజు బార్డోలీ, హరిపురా. నాలుగో రోజు నవసారి, దండి. ఓపిక ఉంటే ఉద్వాడ.

సొంత వాహనం లేకపోయినా ఇబ్బంది లేదు. నవసారి, ఉద్వాడలకు లోకల్ రైళ్లున్నాయి. మిగతా చోట్లకు రోజుకు టాక్సీ మాట్లాడుకుంటే సరిపోతుంది. హిందీ వస్తే చాలు, మగవారిని భాయ్ అనీ ఆడవారిని బెన్ అనీ పిలిస్తే పనులు ఇంకా తేలిగ్గా అవుతాయి. లింబాయత్ వైపు వెళ్లినప్పుడు మాత్రం తెలుగులోనే పలకరించండి. టీ తాగకుండా మిమ్మల్ని పంపరు.